ప్రాథమిక పాఠశాల పిల్లలకు మండల స్థాయిలో ఇంగ్లీషు కథల పోటీ నిర్వహించడం ఎలా?

పోటీ పెడదామనుకున్న వెంటనే మనలో చాలామంది తేదీ, ముఖ్య అతిథి, మెమెంటోలు అనే వరుసలో ఆలోచన మొదలుపెడతాం. వాటికంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటి ఉంది. మీరు చూడదలచుకున్నది పిల్లల కథ చెప్పే నేర్పా, బట్టీ పట్టే శక్తా? ఈ తేడాను నిబంధనల్లోనే స్పష్టంగా రాయకపోతే, పెద్దలెవరో రాసిచ్చిన రెండు పేజీలను ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పిన పిల్లవాడికి ప్రథమ బహుమతి వెళ్లిపోతుంది. తనకు వచ్చిన నలభై, యాభై ఇంగ్లీషు మాటలతో కోతిని, మొసలిని కళ్లకు కట్టించిన పిల్ల వెనక వరుసలో కూర్చుండిపోతుంది. కింద చెప్పిన పద్ధతి అంతా ఈ అన్యాయం జరగకుండా చూడడానికే.

తెలంగాణలో 2022-23 విద్యాసంవత్సరం నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు పిల్లల చేతికి అందాయి. అంటే పిల్లల కళ్ల ముందు ఇంగ్లీషు రోజూ ఉంటోంది. నోరు తెరిచి నాలుగు వాక్యాలు వరుసగా మాట్లాడే సందర్భమే తక్కువ. పోటీ ఆ సందర్భాన్ని కల్పించాలి గనుక, మండల స్థాయిలో ఇద్దరు పిల్లలు వేదిక ఎక్కడం కన్నా అంతకుముందు తరగతి గదిలో ప్రతి పిల్లా పిల్లవాడూ ఒక్కసారైనా కథ చెప్పడం ముఖ్యమని మొదటి సమావేశంలోనే అందరూ ఒప్పుకోవాలి.

విభాగాలు, తేదీలు

ఒకటి, రెండు తరగతుల పిల్లలను ర్యాంకుల పోటీలోకి దించవద్దు. వారికి పాఠశాలలోనే ఒక పూట కథల సభ పెట్టి, బొమ్మ చూపిస్తూ రెండు మూడు వాక్యాలు చెప్పిన ప్రతి ఒక్కరికీ చప్పట్లు కొట్టిస్తే సరిపోతుంది. మూడో తరగతిని ఒక విభాగంగా, నాలుగు, అయిదు తరగతులను కలిపి మరో విభాగంగా పెట్టుకోండి. మూడో తరగతి పిల్లలను అయిదో తరగతి పిల్లలతో కలిపితే పోటీ మొదలుకాకముందే ఫలితం తేలిపోయినట్టే. ప్రైవేటు పాఠశాలలను కూడా పిలవదలిస్తే వాటికి విడిగా ఒక విభాగం ఉండాలి. ఇంట్లో ఇంగ్లీషు వినే పిల్లలను, బడిలో మాత్రమే వినే పిల్లలను ఒకే తూకంలో వేయడం సబబు కాదు.

నవంబరు 14న బాలల దినోత్సవంతో కలిపి పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. నేను వద్దంటాను. ఆ రోజు నృత్యాలు, వేషధారణలు, మిఠాయిల హడావుడిలో చిన్న గొంతుతో చెప్పే కథను ఎవరూ వినరు. పైగా కోస్తా జిల్లాల్లో అక్టోబరు, నవంబరు నెలలు వాయుగుండాల కాలం. రేకుల షెడ్డు మీద వాన పడుతుంటే ముందు వరుసలో ఉన్నవారికి కూడా మాట వినబడదు. దసరా సెలవులు అయ్యాక పాఠశాలల్లో సాధన మొదలుపెట్టి, డిసెంబరులో పాఠశాల స్థాయి ఎంపిక పూర్తిచేసి, సంక్రాంతి సెలవుల తర్వాత జనవరి చివరి వారంలోనో ఫిబ్రవరి మొదట్లోనో మండల పోటీ పెడితే పిల్లలకు తగిన వ్యవధి దొరుకుతుంది, వార్షిక పరీక్షల ఒత్తిడి కూడా ఇంకా రాదు. తేదీ ఖరారయ్యాక మండల విద్యాశాఖాధికారి నుంచి రాతపూర్వక అనుమతి తీసుకుని, ఆ ఉత్తర్వు ప్రతిని స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరలోని కొన్ని బడుల సమూహం) ద్వారా అన్ని బడులకూ పంపించండి. వాట్సాప్ సందేశాన్ని మాత్రమే నమ్ముకుంటే చివరి రోజున ‘మాకు తెలియదు’ అనే బడులు రెండైనా ఉంటాయి.

కథను ఎంచుకోవడం

పోటీ బాగా జరగడం, జరగకపోవడం సగానికి సగం కథ ఎంపిక మీదే ఆధారపడి ఉంటుంది. పిల్లలకు తెలుగులో ముందే బాగా తెలిసిన కథను ఇంగ్లీషులో చెప్పించడమే సరైన దారి. కథ తెలిసిన పిల్ల మాటల కోసం మాత్రమే వెతుక్కుంటుంది. కథా తెలియక, మాటలూ తెలియక నిలబడిన పిల్లకు బట్టీ తప్ప మరో దిక్కు ఉండదు.

నా దృష్టిలో మూడో తరగతికి మన ఏడు చేపల కథను మించినది లేదు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్లి ఏడు చేపలు తేవడం, వాటిలో ఒకటి ఎండకపోవడం, ఎందుకు ఎండలేదని అడిగితే గడ్డిమేటు మీద, గడ్డిమేటును అడిగితే ఆవు మీద, ఆవును అడిగితే గొల్లవాడి మీద, అలా అవ్వ, పాప, చీమ దాకా నెపం పాకుతూ పోవడం ప్రతి తెలుగు ఇంట్లోనూ ఏదో ఒక రూపంలో వినిపించేదే. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఈ గొలుసు గొప్ప సాయం చేస్తుంది. ‘ఫిష్, ఫిష్, వై డిడ్ యు నాట్ డ్రై?’ అన్న ఒక్క ప్రశ్న నోటికి వస్తే, ‘కౌ, కౌ, వై డిడ్ యు నాట్ ఈట్?’, ‘బేబీ, బేబీ, వై డిడ్ యు క్రై?’ అని మిగతా ప్రశ్నలను పిల్లలే తయారుచేసుకుంటారు. జరిగిపోయిన పనిని గురించి ఇంగ్లీషులో ప్రశ్న అడిగే పద్ధతి, వ్యాకరణం పేరెత్తకుండానే, ఒక వారంలో నాలుకకు అలవాటవుతుంది. చివర చీమ ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’ అని ఎదురు ప్రశ్న వేసే చోట గొంతు మార్చి చెప్పడానికి పిల్లలకు మహా సరదా. ఈ కథలో గడ్డిమేటు తర్వాత ఎవరు వస్తారన్నది ఊరిని బట్టి మారుతుంది. ఏ ఊరి వరుస ఆ ఊరిదే. అన్నీ చెల్లుతాయని నిబంధనల్లో రాయండి.

నాలుగు, అయిదు తరగతులకు పంచతంత్రంలోని కోతి-మొసలి, సింహం-కుందేలు, మాటలాడిన తాబేలు వంటివి, తెనాలి రామకృష్ణుడి కథలు, పరమానందయ్య శిష్యుల కథలు బాగా కుదురుతాయి. ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూడండి: పాత్రలు నలుగురికి మించకూడదు, పాత్రలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి, మధ్యలో ఒక మలుపు ఉండాలి. వర్ణన ఎక్కువగా ఉండి సంభాషణ లేని కథ పిల్లల నోట పాఠంలాగే వినిపిస్తుంది. తెనాలి రామకృష్ణుడి కథల్లో మాటల చమత్కారం మీద నడిచేవి ఇంగ్లీషులోకి దిగవు. చేతల మీద నడిచేవే తీసుకోవాలి. కొత్త కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో నాలుగు పఠన స్థాయిలుగా విడదీసిన కథలు ఉచితంగా దొరుకుతాయి. చాలా కథలు తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ ఉంటాయి కాబట్టి ముందు తెలుగు ప్రతి చదివించి, తర్వాత ఇంగ్లీషు ప్రతి చూపించవచ్చు. ప్రాథమిక తరగతులకు మొదటి రెండు స్థాయిలు చాలు.

నిబంధనల పత్రం

ఒక పేజీకి మించకుండా, తల్లిదండ్రులకు కూడా అర్థమయ్యేలా తెలుగులో రాయండి. మూడో తరగతికి 3 నిమిషాలు, నాలుగు, అయిదు తరగతులకు 4 నిమిషాలు గరిష్ఠ వ్యవధి. కనీస వ్యవధి పెట్టవద్దు. నిమిషన్నరలో కథ చక్కగా ముగిస్తే అది తప్పు కాదు. చేతిలో కాగితం ఉండకూడదు గానీ, పిల్లలు తామే గీసిన బొమ్మలు అయిదు వరకు చూపించవచ్చు. వేషాలు వద్దు. వేషానికి అనుమతిస్తే అద్దె దుస్తుల కోసం కూలీనాలీ చేసుకునే తల్లిదండ్రులు అప్పు చేయడమూ, న్యాయనిర్ణేతల కళ్లు కిరీటాల మీదకు పోవడమూ రెండూ జరుగుతాయి. కథ మధ్యలో ఒకటి రెండు తెలుగు మాటలు, అంటే అవ్వ, గొల్లవాడు, పాయసం వంటివి వస్తే మార్కులు తగ్గవని స్పష్టంగా చెప్పండి. కథ చివర నీతి చెప్పడం తప్పనిసరి కాదని కూడా రాయండి. లేకపోతే ప్రతి ఒక్కరూ ‘ద మోరల్ ఆఫ్ ద స్టోరీ ఈజ్’ అని ఒకే గొంతుతో ముగిస్తారు.

అన్నిటికన్నా ముఖ్యమైన నిబంధన ఇది: కథ పూర్తయ్యాక న్యాయనిర్ణేత ఆ కథ మీదే ఒక చిన్న ప్రశ్న అడుగుతారు. ఈ ఒక్క వాక్యం ముందుగా ప్రకటిస్తే బట్టీ పట్టించే అలవాటు చాలావరకు దానంతటదే తగ్గుతుంది, ఎందుకంటే ప్రశ్న ఏమిటో ఎవరికీ ముందు తెలియదు.

తరగతి గదిలో సాధన

సాధనకు రోజుకు 15 నిమిషాల చొప్పున మూడు వారాలు కేటాయించండి. మొదటి రెండు రోజులు కథను తెలుగులోనే చెప్పించాలి. మూడో రోజున పిల్లల చేత అయిదు బొమ్మలు గీయించండి: మొదలు, కష్టం రావడం, దాన్ని దాటే ప్రయత్నం, మలుపు, ముగింపు. ఆ బొమ్మల కింద వాక్యాలు రాయించవద్దు. ఒక్కో బొమ్మకు రెండు మూడు ఇంగ్లీషు మాటలు మాత్రమే రాయించండి. కోతి-మొసలి కథ అయితే మొదటి బొమ్మ కింద ‘మంకీ, ట్రీ, స్వీట్ ఫ్రూట్స్’ చాలు. ఆ మాటలను వాక్యంగా చేసే పని ప్రతి రోజూ కొత్తగా, నోటితో జరగాలి. ఒక రోజు ‘ద మంకీ లివ్డ్ ఆన్ ఎ ట్రీ’ అన్న పిల్లవాడు మరునాడు ‘దేర్ వాజ్ ఎ మంకీ ఆన్ ఎ బిగ్ ట్రీ’ అంటే అతడికి కథ చెప్పడం వచ్చేసినట్టే. రెండిటినీ మెచ్చుకోండి, ఒకదాన్ని ఖాయం చేయకండి.

కథను ముందుకు నడిపే చిన్న మాటలు, అంటే ‘వన్ డే’, ‘దెన్’, ‘సడన్లీ’, ‘బట్’, ‘ఎట్ లాస్ట్’ వంటివి గోడ మీద చార్టుగా అంటించండి. సంభాషణలను ఇద్దరిద్దరు పిల్లల చేత ఆడించండి. కోతిగా మాట్లాడిన పిల్ల మరునాడు మొసలిగా మాట్లాడాలి. పిల్లలు చెబుతుండగా మధ్యలో తప్పు దిద్దకండి. చెప్పడం అయ్యాక, వారు తప్పుగా అన్న వాక్యాన్నే మీరు సరిగ్గా ఒకసారి పలికి ఊరుకోండి. ‘హి గో టు రివర్’ అన్న పిల్లకు ‘ఎస్, హి వెంట్ టు ద రివర్. దెన్?’ అని బదులిస్తే దిద్దుబాటూ జరుగుతుంది, కథా ఆగదు.

ఏకోపాధ్యాయ పాఠశాలల్లో అయిదు తరగతులను ఒక్కరే చూసుకోవాలి గనుక విడిగా సమయం తీయడం కష్టం. అక్కడ నాలుగు, అయిదు తరగతుల పిల్లలను చిన్న తరగతులకు కథ చెప్పే పనిలో పెట్టండి. చిన్నపిల్లల కంటే నిర్మొహమాటమైన శ్రోతలు ఉండరు. కథ బాగా లేకపోతే లేచి వెళ్లిపోతారు.

పాఠశాల స్థాయి ఎంపికను శిక్షణ ఇచ్చిన ఉపాధ్యాయులు ఒక్కరే చేయకుండా, పక్క ఊరి బడి ఉపాధ్యాయులను పిలిపించుకోవాలి, వారి బడికి మీరు వెళ్లాలి. మూడో తరగతి నుంచి ఒకరు, నాలుగు, అయిదు తరగతుల నుంచి ఒకరు చొప్పున మండలానికి పంపితే చాలు.

న్యాయనిర్ణేతలు, మార్కులు

ముగ్గురు న్యాయనిర్ణేతలు ఉండాలి. ఒకరు ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధించే స్కూల్ అసిస్టెంట్, ఒకరు చిన్న తరగతులకు చెప్పిన అనుభవం ఉన్న ఉపాధ్యాయురాలు, మూడో వ్యక్తి కథలు వినడం ఇష్టపడే గ్రంథపాలకులో, విశ్రాంత ఉపాధ్యాయులో అయితే సమతూకం కుదురుతుంది. ముగ్గురూ ఇంగ్లీషు అధ్యాపకులే అయితే చెవులు వ్యాకరణం వైపే పోతాయి. పోటీలో ఉన్న బడుల్లో పనిచేసేవారిని, ఆ పిల్లల బంధువులను ఈ పనికి తీసుకోకూడదు.

మొత్తం 50 మార్కులను ఇలా పంచవచ్చు. కథ వరుస తప్పకుండా, వినేవారికి అర్థమయ్యేలా నడవడానికి 15. సొంత మాటలకు 10. గొంతు, ముఖం, చేతులతో కథకు ప్రాణం పోయడానికి 10. ప్రశ్నకు ఇచ్చిన జవాబుకు 10. ఉచ్చారణ స్పష్టతకు 5. ఉచ్చారణకు ఇంత తక్కువేమిటని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. మన పిల్లలు ‘కింగు’, ‘బుక్కు’ అని చివర అచ్చు చేర్చడం, ‘జీబ్రా’లో మన ‘జ’నే పలకడం, ‘వెట్’ (vet), ‘వెస్ట్’ (west) రెండిటి మొదటి ధ్వనినీ ఒకేలా అనడం తెలుగు నాలుకకు సహజం. మాట అర్థమైతే దానికి మార్కు కోయవలసిన పని లేదు. విదేశీ యాసను అనుకరించిన పిల్లకు అదనపు మార్కు ఇవ్వడం అంతకంటే పెద్ద పొరపాటు.

ప్రశ్న చిన్నదిగా, కథలోనే సమాధానం ఉండేదిగా గానీ, పిల్లల ఊహకు సంబంధించినదిగా గానీ ఉండాలి. ‘వై డిడ్ ద మంకీ గెట్ యాంగ్రీ?’ లేదా ‘విల్ యు బి ఫ్రెండ్స్ విత్ ద క్రొకడైల్?’ వంటివి సరిపోతాయి. ఒక్క మాటలో ఇంగ్లీషులో జవాబిచ్చినా పూర్తి మార్కులు ఇవ్వవచ్చు. తెలుగులో సరైన జవాబిస్తే సగం మార్కులు ఇవ్వండి, ఎందుకంటే ప్రశ్న అర్థమైందని అది రుజువు చేస్తుంది. పోటీకి ముందు న్యాయనిర్ణేతలను అరగంట కూర్చోబెట్టి, పోటీలో లేని ఇద్దరు పిల్లల చేత కథలు చెప్పించి, ముగ్గురూ విడివిడిగా మార్కులు వేశాక పోల్చుకోమనండి. ఒకే పిల్లకు ఒకరు 42, మరొకరు 25 వేస్తే ఎక్కడ తేడా వచ్చిందో అప్పుడే మాట్లాడుకోవచ్చు. అసలు పోటీలో ఆ చర్చకు తావు ఉండదు.

పోటీ రోజు

పన్నెండు బడులు పాల్గొంటే మూడో తరగతి నుంచి 12 మంది, పెద్ద విభాగం నుంచి 12 మంది వస్తారు. కథకు, ప్రశ్నకు, మార్కులు వేయడానికి కలిపి చిన్న విభాగంలో ఒక్కొక్కరికి 5 నిమిషాలు, పెద్ద విభాగంలో 6 నిమిషాలు లెక్కిస్తే మొత్తం 132 నిమిషాలు, అంటే రెండు గంటల 12 నిమిషాలు. పది గంటలకు మొదలుపెడితే మధ్యాహ్న భోజనం వేళకు ముగుస్తుంది. చిన్నవారిని ముందు పిలవండి. ఈ లెక్క నిలబడాలంటే ప్రసంగాలన్నీ బహుమతుల సభకు వాయిదా వేయాలి. జ్యోతి ప్రజ్వలన, స్వాగతం, అతిథుల సందేశాలతో గంట గడిచాక వేదిక ఎక్కిన ఎనిమిదేళ్ల పిల్లకు కథ కంటే ఆకలే ముందు గుర్తుకొస్తుంది.

పిల్లలు చీటీ తీసిన వరుసలో రావాలి. ఎత్తైన వేదిక, షామియానా అవసరం లేదు. పెద్ద తరగతి గదిలో చాప మీద అర్ధచంద్రాకారంలో శ్రోతలను కూర్చోబెడితే పిల్లల భయం సగం తగ్గుతుంది. మైకు తప్పనిసరి అయితే స్టాండుది పెట్టి, ఉదయమే ప్రతి పిల్లవాడి చేత దాని ముందు పేరు చెప్పించండి. గంట కొట్టి సమయం గుర్తుచేయడం కన్నా, వెనక కూర్చున్న ఉపాధ్యాయులు పసుపు కార్డు చూపిస్తే పిల్లలు ఉలిక్కిపడరు.

మధ్యలో మరచిపోయిన పిల్లను ఏం చేయాలో ముందే నిర్ణయించుకోండి. ఇరవై సెకన్లు ఆగి, న్యాయనిర్ణేత ఆ పిల్ల చివరగా చెప్పిన వాక్యాన్నే మళ్లీ పలికి ‘అండ్ దెన్?’ అనాలి. అప్పటికీ రాకపోతే కూర్చోమని, అందరూ అయ్యాక మరో అవకాశం ఇవ్వండి. పిల్ల కోసం పక్క నుంచి పెదవులు కదిపే ఉపాధ్యాయులను, తల్లిదండ్రులను మాత్రం వెనక వరుసకు పంపాలి. నత్తి ఉన్న పిల్లలకు సమయ పరిమితి వర్తించదు. వినికిడి లోపం ఉన్న పిల్లలు సైగలతో, బొమ్మలతో కథ చెప్పవచ్చు. మండలంలో ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఉంటే అక్కడి ఉపాధ్యాయుల సాయం ముందుగానే అడగండి.

ఆటోల్లో వచ్చే పిల్లల వెంట ప్రతి బడి నుంచి ఒక ఉపాధ్యాయురాలు గానీ ఉపాధ్యాయుడు గానీ తప్పక ఉండాలి. తల్లిదండ్రుల అనుమతి పత్రంలో ప్రయాణానికి ఒక సంతకం, ఫొటోలు, వీడియోలు తీయడానికి మరో సంతకం విడిగా తీసుకోండి. రెండోది ఇవ్వనివారి పిల్లల వీడియో ఏ గ్రూపులోనూ పెట్టకూడదు.

ఫలితాలు, ఆ తర్వాత

ముగ్గురి మార్కులు కలిపి 150కి లెక్కించండి. సమానంగా వస్తే ప్రశ్నకు వచ్చిన మార్కులు, అవీ సమానమైతే సొంత మాటలకు వచ్చిన మార్కులు చూడాలి; అప్పటికీ తేలకపోతే ఇద్దరికీ ఆ బహుమతి ఇచ్చేయండి. ఒక్కో విభాగంలో మూడు బహుమతులు చాలు. షీల్డులకు, స్టీలు డబ్బాలకు పెట్టే డబ్బుతో ద్విభాషా కథల పుస్తకాలు కొంటే పిల్లలకు ఒకటి, వారి బడి గ్రంథాలయానికి ఒకటి ఇవ్వవచ్చు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ప్రశంసాపత్రం అందాలి, దానిపై పిల్ల పేరుతో పాటు చెప్పిన కథ పేరు కూడా ఉండాలి.

న్యాయనిర్ణేతలు ఒక్కో పిల్లకు రెండు వాక్యాల అభిప్రాయం తెలుగులో రాసి ఇవ్వడం మంచి పద్ధతి: బాగున్నది ఒకటి, ఇంకా సాధన చేయవలసినది ఒకటి. ఆ కాగితం తరగతి ఉపాధ్యాయుల ద్వారా ఇంటికి చేరాలి. మార్కుల పట్టికలను, చెప్పిన కథల జాబితాను ఒక ఫైలులో పెట్టి కాంప్లెక్స్ కార్యాలయంలో భద్రపరచండి. ఒక బడి ఈ ఏడాది చెప్పిన కథను అదే బడి వచ్చే ఏడాది మళ్లీ తేకూడదన్న నిబంధన అమలు చేయడానికి ఆ జాబితాయే ఆధారం అవుతుంది. అది లేకపోతే గెలిచిన కథే ఏటా కొత్త పిల్లల నోట వినిపిస్తుంది.